అనంతపురంలో కొని స్పితికి పంపిన 2012 జిప్సీ: ఒక కేస్ స్టడీ

2023 అక్టోబరులో రాజమండ్రి నుంచి ఒక లెక్చరర్ గారు విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకి వచ్చారు. వయసు యాభై దాటింది. బావమరిదితో కలిసి మరుసటి ఏడాది హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ మీదుగా లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లాలని ఆయన కోరిక. చేతిలో ఉన్నది ఏడు లక్షలు. బండి, రిపేర్లు, టైర్లు, సామాను, దారిలో పెట్రోలు అన్నీ అందులోనే సర్దాలి. మాట్లాడుతూ జేబులోంచి ఒక కాగితం తీశారు. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), పైకప్పు మీద టెంటు, స్నార్కెల్ (నీళ్లు దాటేటప్పుడు ఇంజనుకి పైనుంచి గాలి అందించే గొట్టం), ఇనుప బంపర్, 235 సైజు టైర్లు, ఎల్ఈడీ లైట్ల బార్. బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఏదో ఒక ఫోర్‌వీల్ డ్రైవ్" అని రాసి ఉంది.

ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. దూర ప్రయాణానికి పాత ఫోర్‌వీల్ డ్రైవ్ కొందామని వచ్చేవాళ్లలో చాలామంది ఈ చివరి నుంచే మొదలుపెడతారు. పైన బిగించేవాటికి డబ్బంతా అయిపోతుంది, కింద బేరింగులు, సీళ్లు, పైపులు పాతవే ఉండిపోతాయి. దారిలో నిలబెట్టేసేది ఆ కిందివే. అందుకే ఈ బండి విషయంలో ఏం చేశామో, ఎంత ఖర్చయిందో, నేను ఎక్కడ తప్పు చేశానో మొత్తం రాస్తున్నాను.

ఏ బండి, ఎక్కడి బండి

ఆయన మొదట చూపించింది ఢిల్లీలో అమ్మకానికి పెట్టిన ఒక డీజిల్ ఎస్‌యూవీ. ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా అమలు చేయమంది. అందుకే అప్పట్లో అక్కడి బండ్లు ఎన్ఓసీతో, అంటే వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఇచ్చే పత్రంతో, చవగ్గా బయటికి వస్తుండేవి. కానీ ఇక్కడికి తెచ్చాక మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. దాని సంగతి ఎలా ఉన్నా, ఫొటోలు చూసి బండి కొనడం నాకు ఇష్టం ఉండదు. ఫొటోలో సీటు కనిపిస్తుంది, చాసీ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) కనిపించదు. "మేస్త్రి గారూ, లక్షన్నర మిగులుతుందండీ" అని ఆయన అంటూనే ఉన్నారు. నేను ఒప్పుకోలేదు.

నేను చెప్పింది మారుతి జిప్సీ. 1298 సీసీ పెట్రోలు ఇంజను, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉన్న) మోడల్‌కి 80 గుర్రాల శక్తి, బరువు దాదాపు టన్ను. ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, కమాన్ కట్టలు (పట్టీ స్ప్రింగులు), ముందు చక్రాలకీ బలం పంపే, చేత్తో మార్చే ట్రాన్స్‌ఫర్ కేస్. సైన్యం, పోలీసులు ఏళ్ల తరబడి వాడారు కాబట్టి తయారీ ఆగిపోయినా దాని గురించి తెలిసిన మెకానిక్ ఊరూరా దొరుకుతాడు. లోపాలూ దాచలేదు. కంపెనీ నుంచి ఏసీ రాదు. గుంతలో పడితే నడుం పట్టేస్తుంది. ట్యాంకు 40 లీటర్లే. ముందు మా మిత్రుడి జిప్సీలో గుంటూరు దాకా వెళ్లి రమ్మన్నాను. ఇద్దరూ వెళ్లొచ్చి సరే అన్నారు. ఇలా ముందుగా కూర్చోబెట్టి చూడకుండా నేను ఎవరికీ జిప్సీ కొనిపెట్టను.

మూడు బండ్లు చూశాం. మొదటిది విశాఖలో, సముద్రానికి దగ్గర్లోనే ఉన్న ఇంట్లో. పెయింటు అద్దంలా మెరుస్తోంది, లోపల కొత్త సీటు కవర్లు. కింద పడుకుని చిన్న సుత్తితో చాసీ మీద వరసగా తట్టుకుంటూ వెళ్లాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. వెనక కమాను చాసీకి తగిలించే హ్యాంగర్ దగ్గరికి వచ్చేసరికి మట్టికుండ మీద కొట్టినట్టు దబ్‌మంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కితే నల్ల అండర్‌కోటింగ్ పొరలా ఊడి, వెనకాల తుప్పు పొడి నా ముఖం మీద రాలింది. ఉప్పుగాలి లోపలి నుంచి తినేసిన చోట పైన రంగు వేశారు. వెంటనే వచ్చేశాం. రెండోది ఆర్మీ వేలంలో కొన్నామని చెప్పిన బండి. కాగితం మీద ఉన్న ఇంజను నంబరుకి, ఇంజను మీద చెక్కిన నంబరుకి ఒక అంకె తేడా. బేరం కూడా ఆడలేదు.

మూడోది అనంతపురం దగ్గర ఒక రైతు ఇంట్లో దొరికింది. 2012 మోడల్, హార్డ్ టాప్. ఎండకి బానెట్ మీద రంగు వెలిసి సున్నం కొట్టినట్టు ఉంది. తలుపు రబ్బర్లు పట్టుకుంటే పొడిపొడి అయ్యాయి. బ్రేకు హోసుల నిండా పగుళ్లు. లెక్చరర్ గారి ముఖం వాడిపోయింది. నేను కిందకి దూరి అరగంట తట్టాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖంగు ఖంగుమనే మోగింది. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ ఎండ రబ్బరునీ రంగునీ తినేసింది గానీ ఇనుము జోలికి పోలేదు. రబ్బరు ఆటోనగర్‌లో ఏ కొట్టుకెళ్లినా దొరుకుతుంది. మంచి చాసీ అలా దొరకదు.

ఫోర్‌వీల్ లివర్ చూపించి, ఇది వాడతారా అని రైతుని అడిగాను. "ఆ పిడి ముట్టుకొని ఐదేండ్లయింది సార్. మాకు యాడ అవసరం పడ్తాది?" అన్నాడు. చాలామంది ఇది విని సంతోషిస్తారు. నాకు మాత్రం అనుమానం మొదలైంది. ముందు యాక్సిల్ ఏళ్ల తరబడి తిరక్కపోతే లోపలి ఆయిల్ పైకి చిమ్మదు, సీళ్లు ఎండి గట్టిపడతాయి.

ఈ బండికి ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేసేవి. ఎడమది తిరిగింది, కుడిది బిగుసుకుపోయింది. డీజిల్ పోసి అరగంట నానబెట్టాక కదిలింది. తర్వాత బండిని చెరువు కట్ట కిందకి తీసుకెళ్లాం. జిప్సీ లాంటి పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్‌ని తారు రోడ్డు మీద పరీక్షించకూడదు. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. ఆ తేడాని సర్దే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, మధ్యలో లేదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. లో రేంజ్‌లో (వేగం తగ్గి లాగుడు పెరిగే గేరు వరసలో), మొదటి గేరులో కట్ట ఎక్కించాను. తర్వాత బ్రేకు తొక్కకుండా ఇంజను పట్టు మీదే దింపాను. దిగేటప్పుడు లివర్ తనంతట తాను న్యూట్రల్‌లోకి ఎగిరిపడితే ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల అరిగినట్టు. మూడుసార్లు దింపినా పడలేదు.

చివరగా చూసింది ముందు చక్రాల వెనకుండే నకిల్ గుండు. జిప్సీలో స్టీరింగ్ తిరిగే కీలు ఆ గుండు లోపలే, గ్రీజులో ఉంటుంది. గుండు మీద వేలితో తుడిచాను. గ్రీజు చిక్కగా వేలికి అంటుకుంటే అంతా బాగున్నట్టు. నా వేలి మీద నుంచి నల్లటి పల్చని నూనె మణికట్టు దాకా కారింది. లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ గ్రీజులో కలుస్తోందన్నమాట. చక్రం పైకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే, నకిల్ తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ బేరింగుల్లో వదులు తెలిసింది. బండి నడిపి చూసినప్పుడు అరవై వేగంలో స్టీరింగ్ ఊగింది, దానికి కారణం కూడా అదే. ఇవన్నీ రైతుకి చూపించి, అయ్యే ఖర్చు చెప్పి, నాలుగు లక్షల అరవై వేలు అడిగిన బండిని నాలుగు లక్షల ఇరవై వేలకి తీసుకున్నాం. అదే రాష్ట్రం బండి కావడంతో ఎన్ఓసీ, లైఫ్ టాక్స్ గొడవ లేదు. ఫారం 29, 30 తోనే పేరు మారింది. ఆర్సీ 2027 దాకా ఉంది.

మొదటి లక్ష కిందికే

రిపేర్లకి అయింది లక్షా ఎనిమిది వేలు. రెండు నకిళ్లకీ సీళ్లు, కింగ్‌పిన్, వీల్ బేరింగులు. బ్రేకు హోసులన్నీ, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్. కూలెంట్ హోసులు, థర్మోస్టాట్, రేడియేటర్ విప్పి శుభ్రం చేయడం. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేదు కాబట్టి బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చాం. క్లచ్ ప్లేటు, ట్రాన్స్‌ఫర్ కేస్ కింది రబ్బరు మౌంటులు, కమాన్ బుష్‌లు, కొత్త బ్యాటరీ. ఆయిళ్లన్నీ మార్చాం. ఇవేవీ బయటికి కనిపించవు. నెల తర్వాత బండి చూడ్డానికి వచ్చిన బావమరిది గారు "ఏం మార్చారండీ, అలాగే ఉంది కదా!" అన్నారు. ఊడదీసిన పాత సామానంతా గోనెసంచిలో దాచి ఉంచాను, తెచ్చి ఆయన ముందు పోశాను. అప్పటి నుంచి ఏ కస్టమర్‌కైనా పాత సామాను చూపించాకే బిల్లు ఇస్తున్నాను.

తర్వాత లెక్చరర్ గారు మొదట తెచ్చిన ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాం.

ఇనుప బంపర్ మొదట కొట్టేశాను. క్రాష్ గార్డులు పెట్టకూడదని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు చెప్పింది. వించ్ బరువు బంపర్ బరువు కలిస్తే టన్ను బండి ముక్కు కిందకి వాలిపోతుంది. ఇద్దరు మనుషులు, ఒక మంచి తాడు, తాడు తగిలించే రెండు డి షాకిళ్లు (ఇనుప కొక్కేలు), పార ఉంటే స్పితి దారిలో సరిపోతుంది. అక్కడ లారీలు, బస్సులు రోజూ తిరుగుతాయి, ఆపి సాయం చేయని డ్రైవరు ఉండడు. టెంటు కూడా వద్దన్నాను. పైన అరవై కిలోలు పెడితే ఒంపు రోడ్డులో బండి ఊగే తీరే మారిపోతుంది. పైగా దారిలో వచ్చే తాబో, కాజా, లోసర్ అంతటా ఇళ్లలోనే గదులు దొరుకుతాయి. స్నార్కెల్ గురించి లెక్చరర్ గారు గట్టిగానే వాదించారు. గ్రాంఫూ, బాతల్ మధ్య దారికి అడ్డంగా పారే నాలాల్లో లోతు కంటే రాళ్లూ ప్రవాహమే ప్రమాదం. మంచు కరిగిన నీళ్లు మధ్యాహ్నానికి పెరుగుతాయి, తెల్లవారుజామున తక్కువగా ఉంటాయి. ఉదయం ఏడింటికల్లా దాటేస్తే స్నార్కెల్ పనే లేదు.

దాని బదులు ఆరు వందల రూపాయల పని ఒకటి చేశాం. గంటల తరబడి తిరిగి కాలిన యాక్సిల్ హౌసింగ్ ఒక్కసారిగా మంచునీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బ్రీదర్ (యాక్సిల్‌కి గాలి ఆడే చిన్న రంధ్రం) నుంచో సీలు నుంచో నీళ్లు లోపలికి లాక్కుంటుంది. రెండు యాక్సిళ్ల బ్రీదర్లకీ రబ్బరు ట్యూబు కలిపి, ముందుది బానెట్ కిందకీ వెనకది వెనక లైటు వెనక్కీ ఎత్తుగా తీసుకెళ్లి కట్టేశాం.

టైర్ల దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాం. ఆయన కోరిన 235/75 టైరు, బండితో వచ్చే 205/70 కంటే దాదాపు పది శాతం ఎత్తు. అంటే ప్రతి గేరూ పది శాతం పొడవైనట్టే. స్పితి నుంచి బయటికొచ్చే దారిలోని కుంజుం కనుమ 4,500 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే 57 శాతమే. టర్బో లేని పెట్రోలు ఇంజను కాబట్టి 80 గుర్రాల్లో దాదాపు 45 మాత్రమే మిగులుతాయి. ఆ మిగిలిన బలాన్ని పెద్ద టైరు ఇంకా తినేస్తుంది. 215/75 ఆల్ టెర్రైన్ (తారుకీ మట్టికీ పనికొచ్చే) టైర్లు ఐదు తీసుకున్నాం, స్టెప్నీతో కలిపి 45 వేలు. గాలి గురించి కూడా కాగితం మీద లెక్క వేసి చూపించాను. విజయవాడ ఎండలో 26 పాయింట్లు పెట్టిన టైరు కుంజుం మీద 32 చూపించాలి, బయట ఒత్తిడి తగ్గిపోయింది కాబట్టి. కానీ చలికి అందులో నాలుగు తగ్గి 28 దగ్గర నిలుస్తుంది. ఆ రెండు పాయింట్లు చూసి కంగారు పడి గాలి తీసేయొద్దని చెప్పాను.

పెట్రోలు లెక్క వేరే. లేహ్ దారిలో కీలాంగ్ దగ్గర తాండి బంకులో, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని బోర్డు ఉంటుంది. కొండల్లో జిప్సీ లీటరుకి ఎనిమిది ఇస్తుందనుకుంటే 46 లీటర్లు కావాలి. ట్యాంకు 40. పెట్రోలియం చట్టం ప్రకారం సొంత వాడకానికి లైసెన్సు లేకుండా మొత్తం 30 లీటర్ల దాకా పెట్టుకోవచ్చు. డబ్బా లోహంతో చేసిందై ఉండాలి, 25 లీటర్లు మించకూడదు. 20 లీటర్ల ఇనుప జెర్రీ క్యాన్ ఒకటి వెనక నేల మీద పట్టీలతో బిగించాం. తాండి దాకా ఖాళీగానే తీసుకెళ్లమన్నాను. ప్లాస్టిక్ డబ్బా ఎవరిచ్చినా తీసుకోవద్దని రెండుసార్లు చెప్పాను. ఎత్తు మీద చిప్స్ ప్యాకెట్టు ఉబ్బినట్టు అదీ ఉబ్బుతుంది, లోపల ఉన్నది పెట్రోలు. తాడు, షాకిళ్లు, గాలి పంపు, గేజి, జాకీ కింద వేసే చెక్క, పనిముట్లు, విడి సామాను అన్నీ కలిపి 31 వేలు. పేరు మార్పు, ఇన్సూరెన్సు 14 వేలు. మొత్తం ఆరు లక్షల పద్దెనిమిది వేలు. మిగిలిన 82 వేలల్లో చాలా మటుకు పెట్రోలుకే పోయింది.

మారేడుమిల్లి

పనంతా అయ్యాక వాళ్లిద్దరినీ, బండినీ మూడు రోజులు రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు ఘాట్‌లో తిప్పాను. ప్రతి యాభై కిలోమీటర్లకీ ఆగి, నాలుగు చక్రాల హబ్బుల దగ్గర చేతి వెనక భాగం పెట్టి వేడి చూడమన్నాను. మూడు ఒకేలా ఉంటే నాలుగోది ఎక్కువ కాలకూడదు. రెండో రోజు వెనక కుడిది కాలింది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ తొడుగులో తుప్పు పట్టి పూర్తిగా వదలడం లేదు. ట్యాంకు నిండా పోయిస్తే పెట్రోలు వాసన కూడా వచ్చింది, పైన గాలి పైపు చీలి ఉంది. రెండూ షెడ్డులో నా కంటికి కనిపించనివే.

ప్రతి ఉదయం చేయాల్సిన ఇంకో పని కూడా నేర్పాను. ముందు చక్రాల టైరుకీ, దాని వెనక మడ్‌గార్డు అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో రెండు వైపులా చూసుకోవడం. అప్పుడది మాటవరసకి చెప్పిందే.

బాతల్‌లో

2024 సెప్టెంబరు రెండో వారంలో బయల్దేరారు. రికాంగ్ పియో, నాకో, తాబో, కాజా దాకా ఏ ఇబ్బందీ లేదు. లోసర్‌లో ఉదయమే బయల్దేరి కుంజుం దాటి బాతల్ వైపు దిగుతుంటే స్టీరింగ్ ఎడమకి లాగడం మొదలైంది. బాతల్‌లో ఆగి వేళ్లు పెట్టి చూశారు. కుడివైపు నాలుగు వేళ్లు, ఎడమవైపు రెండే. ముందు యాక్సిల్ ఎడమ పక్క వెనక్కి జరిగింది.

ఇది నా తప్పు. కమాన్ బుష్‌లు మార్చినప్పుడు కట్టలు విప్పాను. తిరిగి బిగించేటప్పుడు, కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు పాతవే వాడాను. చూడటానికి బాగానే ఉన్నాయి, పదిహేను వందలు మిగులుతాయనుకున్నాను. ఒకసారి బలంగా బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, మళ్లీ అంత పట్టు ఇవ్వదు. దానికితోడు అయిదొందల కిలోమీటర్ల తర్వాత మరోసారి బిగించాలి. మారేడుమిల్లి నుంచి తిరిగొచ్చాక హ్యాండ్‌బ్రేకు మీద ధ్యాస పడి అది కూడా చేయలేదు. పట్టు వదిలిన కట్ట, రాళ్ల దారిలో యాక్సిల్ మీద అటూ ఇటూ జరిగి, మధ్యలోని సెంటర్ బోల్టుని కోసేసింది.

అక్కడ వాళ్ల ఫోన్లకి సిగ్నల్ లేదు. విడి సామానులో సెంటర్ బోల్టు ఒకటి పెట్టి ఉంచాను, అదొక్కటే అదృష్టం. గ్రాంఫూ వైపు నుంచి వచ్చిన ఒక పంజాబీ లారీ డ్రైవరు తన పెద్ద జాకీ, పొడుగాటి పైపు ఇచ్చి తనూ కింద పడుకున్నాడట. చాసీ లేపి కమాను మీద భారం తీసేశారు. యూ బోల్టులు విప్పి కొత్త సెంటర్ బోల్టు ఎక్కించారు. దాని తల యాక్సిల్ మీది గుంతలో కూర్చునేదాకా ఇనుప కడ్డీతో యాక్సిల్‌ని ముందుకి నెట్టారు. రెండు గంటలు పట్టింది. ఆ ఆలస్యంతో నాలాల్లో నీళ్లు పెరిగే వేళ అయింది, రాత్రికి బాతల్‌లోనే పడుకున్నారు. ఈ నిర్ణయం లెక్చరర్ గారిది. నేనక్కడ ఉన్నా అదే చెప్పేవాణ్ణి.

మర్నాడు కీలాంగ్ నుంచి ఫోన్ చేసి జరిగింది వరసగా చెప్పారు. నాకు నోట మాట రాలేదు. "మేస్త్రి గారూ, వేళ్లు పెట్టి చూడమన్నది మీరే కదండీ" అన్నారాయన. క్షమించమని అడిగాను. లేహ్‌లో యూ బోల్టులన్నీ కొత్తవి వేయించమని చెప్పి, ఆ డబ్బు పంపించాను. లేహ్ దాకా ప్రతి వంద కిలోమీటర్లకీ ఆగి స్పానర్ పెట్టి చూసుకుంటూ వెళ్లారు.

అక్టోబరులో బండి తిరిగి షెడ్డుకి వచ్చింది. మొత్తం 6,900 కిలోమీటర్లు తిరిగింది. రెండు డిఫరెన్షియళ్ల ఆయిలూ దింపి గాజు సీసాలో పోసి ఒక రాత్రి ఉంచాను. నీళ్లు కలిస్తే పాలలా తెల్లబడుతుంది. రెండూ తేనె రంగులోనే ఉన్నాయి. ఎడమ నకిల్ గ్రీజు చిక్కగా ఉంది. కుడిది కొంచెం పల్చబడింది, ఆ సీలు మళ్లీ మార్చాం. వెనక షాకుల బుష్‌లు నలిగిపోయాయి. ముందు టైర్ల అంచులు రాళ్లకి చిట్లాయి గానీ లోపలి దారాలు కనపడలేదు.

ఇప్పుడు మా షెడ్డులో కమాన్ కట్ట విప్పితే యూ బోల్టులు కొత్తవే పడతాయి, కస్టమర్ వద్దన్నా సరే. అయిదొందల కిలోమీటర్లకి తిరిగి రావాల్సిన తేదీ బిల్లు మీదే రాసి ఇస్తున్నాను. లెక్చరర్ గారు ఈసారి లద్దాఖ్‌లోని జన్‌స్కార్ అంటున్నారు. బానెట్‌కి రంగు వేయించమని ఆయన ఇంతవరకూ అడగలేదు.